ఒకసారి కుదిరి, ఒకసారి కుదరనప్పుడు: మనసు వైపు చూడాలా, ఒంటి వైపు చూడాలా?

రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా మందుల దుకాణానికి వచ్చేవాళ్లలో కొందరు ముందు దగ్గు మందో, గ్యాస్ మాత్రో అడుగుతారు. పక్కనున్నవాళ్లు వెళ్లేదాకా జేబులు తడుముకుంటూ చిల్లర లెక్కపెడతారు. అందరూ వెళ్లాక ఫోను నా వైపు తిప్పి, తెర మీద ఒక మాత్ర ఫొటో చూపిస్తారు. నోటితో పేరు చెప్పరు. బీ ఫార్మసీ చదివి ఇరవై రెండేళ్లుగా ఈ కౌంటరు వెనక నిలబడుతున్నాను కాబట్టి ఫొటో చూడకముందే సంగతి తెలిసిపోతుంది: అంగస్తంభన సమస్య.

కిందటి వేసవిలో ఒకే వారంలో ఇద్దరు వచ్చారు. ఒకతనికి ఇరవై ఏడేళ్లు, పెళ్లయి ఐదు వారాలు. "అంకుల్, నరాల బలహీనతకు మంచి టానిక్ ఇవ్వండి" అన్నాడు. తెల్లవారి లేచేసరికి అంతా మామూలుగానే ఉంటుందట. భార్య పక్కన ఉన్నప్పుడే కుదరడం లేదట. రెండో ఆయనకు నలభై ఆరు. "ఆఫీసులో ఒత్తిడి ఎక్కువైంది మాస్టారూ, అందుకే ఒక్కోసారి తేడా చేస్తోంది. ఒక స్ట్రిప్ ఇవ్వండి చాలు" అన్నారు.

ఆ అబ్బాయి తన ఒంట్లో లోపం ఉందని నమ్మాడు. అతని ఇబ్బంది దాదాపు మొత్తం మనసుది. పెద్దాయన తప్పంతా మనసు మీదికి నెట్టేశారు. పరీక్ష చేయిస్తే మూడు నెలల చక్కెర సగటు 9 శాతం దాటి ఉంది, అంటే షుగర్ జబ్బు ఉన్నట్టే. ఈ సమస్యలో నేను చూసిన పొరపాట్లు చాలావరకు ఈ రెండు బాటల్లోనే నడుస్తాయి. చిన్న వయసువాళ్లు లేని జబ్బు కోసం వెతుకుతారు. నడివయసువాళ్లు ఉన్న జబ్బును టెన్షన్ అనే మాట కింద దాచేస్తారు. ఎవరు ఎటు వెళ్లాలో తేల్చుకోవడానికి నాకు తెలిసినంత చెప్తాను. నేను డాక్టరును కాను. ఇది చదివి మీరు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికే. అయితే ఏ డాక్టరు దగ్గరికి, ఏ మాట పట్టుకుని వెళ్లాలో తెలిస్తే సగం డబ్బు, సగం దిగులు మిగులుతాయి.

బ్రేకు, నీళ్ల పైపు

సందర్భాన్ని బట్టి వచ్చే స్తంభన లోపం అంటే కొన్నిసార్లు అంగస్తంభన బాగానే ఉండి, మరికొన్నిసార్లు రాకపోవడం, లేదా వచ్చి మధ్యలో పోవడం. ఒంటరిగా ఉంటే వస్తుంది, భార్య దగ్గర రాదు. సెలవుల్లో వస్తుంది, పనిదినాల్లో రాదు. వేరే ఊరిలో లాడ్జి గదిలో వస్తుంది, అత్తమామలు పక్క గదిలో ఉన్న ఇంట్లో రాదు. ఎప్పుడో ఒకసారి ఇలా జరిగితే అది జబ్బు కాదు. అలసట, నిద్రలేమి, రెండు పెగ్గుల మద్యం ఎవరినైనా అలా చేస్తాయి. నెలలు గడిచినా అదే వరస అయితే దాన్ని పట్టించుకోవాలి.

లోపల జరిగేది ఇది. కోరిక కలిగినప్పుడు వెన్ను కిందిభాగం నుంచి వచ్చే నరాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాంతో అంగంలోని మెత్తటి కండరం సడలి రక్తం లోపలికి పొంగుతుంది. నిండిన రక్తం బయటికి పోయే సిరలను నొక్కి మూసేస్తుంది. రక్తనాళాలను సడలించే సంకేతం ఈ వాయువేనని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. భయం కలిగినప్పుడు ఒంట్లో పుట్టే అడ్రినలిన్ దీనికి సరిగ్గా ఎదురుపని చేస్తుంది. అది కండరాన్ని బిగిస్తుంది, వచ్చిన రక్తాన్ని వెనక్కి పంపేస్తుంది. పాము ఎదురైనప్పుడు పరుగెత్తడానికి కాళ్లకు రక్తం కావాలి కదా, శరీరం ఆ లెక్కే చూసుకుంటుంది. ఎదురుగా ఉన్నది పామా, "ఈ రాత్రి కూడా కుదరదేమో" అన్న ఆలోచనా అన్న తేడా దానికి లేదు.

అందుకే మనసు కారణం అంటే ఊహ అనుకోవద్దు. అది ఒంట్లో నిజంగా జరిగే రసాయన చర్య. మనసు కారణమైన చోట బ్రేకు పట్టేసి ఉంటుంది. ఒంటి కారణమైన చోట పైపు సన్నబడి ఉంటుంది, లేదా సంకేతం మోసే తీగ పాడై ఉంటుంది. చికిత్స ఎంచుకోవడం అంటే బ్రేకు వదిలించాలా, పైపు చూడాలా అని తేల్చుకోవడమే. రెండూ కలిసి ఉండే మగవాళ్లు చాలామంది. పైపు కాస్త సన్నబడితే రెండుసార్లు తప్పుతుంది, ఆ భయంతో మూడోసారి బ్రేకు పడుతుంది.

ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తులు

అన్నిటికన్నా విలువైన గుర్తు తెల్లవారుజాము. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి రాత్రి నిద్రలో మూడు నుంచి ఐదుసార్లు, కలలు వచ్చే నిద్రలో, తనకు తెలియకుండానే స్తంభన కలుగుతుంది. పొద్దున మెలకువ వచ్చినప్పుడు కనిపించేది వాటిలో చివరిదే. నిద్రలో భయం ఉండదు, బ్రేకు వేసేవాడు ఉండడు. అక్కడ గట్టిగా వస్తోందంటే నరాలు, నాళాలు, హార్మోన్లు చాలావరకు పనిచేస్తున్నట్టే. 1980లో కొందరు వైద్యులు తపాలా బిళ్లల చుట్టను పడుకునే ముందు అంగం చుట్టూ అంటించి, తెల్లారి ఆ చుట్ట తెగిందో లేదో చూసేవారు. తరువాత గట్టిదనాన్ని రాత్రంతా కొలిచే యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు చాలామందికి అంత అవసరం ఉండదు. రెండు వారాలపాటు పొద్దున లేవగానే క్యాలెండరు మీద ఒక చుక్క పెట్టుకుంటే చాలు.

ఈ గుర్తును గుడ్డిగా నమ్మడానికి మాత్రం లేదు. రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, గురక పెట్టి ఊపిరి ఆగిపోతూ నిద్ర చెడేవాళ్లు, దిగులు జబ్బులో ఉన్నవాళ్లు పొద్దున ఏమీ గమనించకపోవచ్చు. అంతమాత్రాన నాళాలు చెడినట్టు కాదు. మరోవైపు పొద్దున కొద్దిగా వస్తోంది కదా అని నలభై దాటినవాళ్లు ధీమాగా ఉండకూడదు. ఆ 'కొద్దిగా'ను కూడా కొలవాలి.

గట్టిదనాన్ని వైద్యులు 1 నుంచి 4 వరకు లెక్కిస్తారు. 2 అంటే తొక్క తీసిన అరటిపండు, 3 అంటే తొక్కతో ఉన్న అరటిపండు, 4 అంటే కీరదోసకాయ అని రోగులకు పోల్చి చెబుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు 2 ఉన్నా పని జరుగుతుంది. కలయికకు కనీసం 3 కావాలి. ఒకప్పుడు అంతటా 4 ఉన్న మనిషికి ఇప్పుడు అంతటా 3 కన్నా కిందికి పడిందనుకోండి, ఒంటరిగా కుదురుతోంది, భార్య దగ్గర కుదరడం లేదు అనే అనిపిస్తుంది. చూడ్డానికి సందర్భాన్ని బట్టి వచ్చినట్టే ఉంటుంది, నిజానికి పైపు అంతటా ఒకేలా సన్నబడింది. ఈ ఒక్క మెలిక తెలియకే చాలామంది ఒంటి జబ్బును మనసు జబ్బుగా పొరబడతారు.

మొదలైన తీరు కూడా చాలా చెబుతుంది. ఫలానా రాత్రి నుంచి, ఫలానా గొడవ తరువాత, ఉద్యోగం పోయిన నెల నుంచి అని తేదీ చెప్పగలిగితే మనసు వైపు మొగ్గు. ఎప్పుడు మొదలైందో తెలియదు, రెండేళ్లుగా మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది అంటే ఒంటి వైపు మొగ్గు. కోరికే తగ్గిపోయి, ఆ ఆలోచనలే రావడం లేదంటే హార్మోన్లు, థైరాయిడ్, దిగులు జబ్బు, వాడుతున్న మందులు చూడాలి. పడుకుని ఉన్నప్పుడు స్తంభన నిలిచి, భంగిమ మార్చి నడుము కదిలించగానే పోతుంటే, తుంటి కండరాలు రక్తాన్ని లాగేసుకునేంతగా పొత్తికడుపు కింది నాళాలు ఇరుకైన సందర్భాలు ఉన్నాయి. అరుదు, కానీ అది మనసు కాదు. నడిస్తే పిక్కలు, పిరుదులు నొప్పెట్టే పొగతాగేవాళ్లు ఈ మాట డాక్టరుతో తప్పక చెప్పాలి.

కొత్త పెళ్లికొడుకు

ఆ ఇరవై ఏడేళ్ల అబ్బాయిని స్టూలు మీద కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. పెళ్లికి ముందు వారం రోజులు సరిగా నిద్ర లేదు. శోభనం రాత్రి ఇంటి నిండా చుట్టాలు. గది తలుపు అవతల ఆడవాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. తెల్లారి బావ వరస వాళ్లు నవ్వుతూ అడిగిన ప్రశ్నకు తల ఊపి తప్పించుకున్నాడు. రెండో రాత్రి ఆ ప్రశ్న గుర్తొచ్చింది. మూడో రాత్రి నుంచి మంచం ఎక్కకముందే గుండె దడ. "భార్యను చూడటం మానేసి నన్ను నేనే చూసుకుంటున్నాను అంకుల్, వచ్చిందా, ఉందా, పోతోందా అని" అన్నాడు.

ఆ మాట విని ఆశ్చర్యపోయాను. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో దంపతులకు చికిత్స చేసిన మాస్టర్స్, జాన్సన్ 1970లో చెప్పింది అదే. మనిషి తన కలయికలో తాను పాల్గొనడం మాని, పక్కన నిలబడి చూసే ప్రేక్షకుడవుతాడు. చూసే కొద్దీ బ్రేకు బిగుస్తుంది.

మన దగ్గర ఈ భయానికి పాత ఎరువు ఒకటి ఉంది. హస్తప్రయోగం వల్ల, స్వప్నస్ఖలనం వల్ల ధాతువు పోయి నరాలు చచ్చుపడతాయన్న నమ్మకం. ఈ దిగులుతోనే ఒళ్లు నీరసించి వైద్యుల దగ్గరికి వచ్చే యువకులను చూసి, భారతీయ మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వీర్యం పోవడం వల్ల ఏ నరమూ బలహీనపడదు. బస్టాండు గోడల మీద కనిపించే 'నరాల బలహీనత' అన్న మాట వైద్యశాస్త్రంలో ఈ సమస్యకు పేరే కాదు. కానీ ఆ మాట పదిహేనేళ్ల పిల్లవాడి మనసులో పడి, పెళ్లిరాత్రి దాకా అలాగే ఉండిపోతుంది.

కొత్త పెళ్లిళ్లతో పాటు నేను ఎక్కువగా వింటున్న సందర్భం పిల్లల కోసం చికిత్సలో ఉన్న జంటలది. స్కానింగులో అండం ఎదుగుదల చూసి, "ఈ రోజు, రేపు తప్పకుండా కలవండి" అని డాక్టరు చెబుతారు. ఆ రెండు రోజులే భర్తకు కుదరదు, మిగతా నెలంతా బాగానే ఉంటుంది. ప్రేమ కాస్తా పరీక్ష అయిపోయింది, తేదీ కూడా ఖాయమైంది. ఇది చాలా మామూలు విషయమని, సంతాన సాఫల్య కేంద్రంలో ముందే చెబితే వేరే ఉపాయం ఉంటుందని తెలియక ఎన్నో జంటలు ఒకరినొకరు నిందించుకుంటాయి. మూడు వారాల సెలవు మీద విదేశం నుంచి వచ్చి, పెళ్లి చేసుకుని, నిద్ర వేళలు తారుమారై ఉన్న అబ్బాయిలదీ ఇంచుమించు ఇదే కథ. కండోమ్ తొడిగే క్షణంలో మాత్రమే తగ్గిపోయేవాళ్లూ ఉన్నారు. సరైన సైజు చూసుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు తొడగడం అలవాటు చేసుకుంటే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది.

నలభై దాటితే లెక్క వేరు

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ప్రాణానికి సంబంధించిన మాట ఇక్కడే ఉంది. అంగానికి రక్తం తెచ్చే ధమనుల వెడల్పు సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తం తెచ్చేవి 3 నుంచి 4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకుని లోపలి గోడ దెబ్బతినేటప్పుడు అన్ని నాళాలూ కలిసే దెబ్బతింటాయి, కానీ సన్నపు గొట్టంలో ముందుగా తెలుస్తుంది. స్తంభన తగ్గిన రెండు నుంచి ఐదేళ్లలో గుండె జబ్బు బయటపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే గుండె వైద్యులు దీన్ని ముందస్తు హెచ్చరికగా చూడమంటారు.

మధుమేహం ఇంకా తొందరపెడుతుంది. అది నాళాలను, నరాలను రెండింటినీ దెబ్బతీస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఈ లోపం మిగతావాళ్లకన్నా పది పదిహేనేళ్లు ముందే కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్లు. తమకు షుగర్ ఉందని తెలియకుండానే పడకగదిలో మొదటి తేడా గమనించే మగవాళ్లు తక్కువేమీ కాదు. మా పెద్దాయన అలాంటివారే. ఆయన చాలా కాలంగా వేరే దుకాణంలో డాక్టరు చీటీ లేకుండా మాత్రలు కొంటున్నారు. నేనూ మొదటిసారి అడగకుండానే ఇచ్చేశాను. రెండోసారి వచ్చినప్పుడు పాదాలు తిమ్మిరెక్కుతున్నాయని మాటల్లో అన్నారు, అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆ మొదటి స్ట్రిప్ ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడతాను. ఆ తరువాత చీటీ లేనిదే ఇవ్వడం మానేశాను.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1987 నుంచి 1989 వరకు 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్లను పరిశీలిస్తే, ఎంతో కొంత స్తంభన లోపం ఉన్నవాళ్లు 52 శాతం తేలారు. సిగ్గుపడి దాచుకునేంత అరుదైన విషయం కాదిది.

వాడుతున్న మందుల వైపు కూడా ఒక కన్ను వేయాలి. నా కౌంటరు మీద రోజూ వెళ్లేవాటిలోనే ఉన్నాయి: ప్రొప్రనొలాల్, అటెనొలాల్ వంటి బీపీ మందులు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు, దిగులుకు ఇచ్చే పారోక్సిటిన్ వంటివి, మానసిక జబ్బులకు వాడే రిస్పెరిడోన్, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్. వీటిలో ఏదైనా మొదలుపెట్టాక తేడా వచ్చిందంటే, రాసిన డాక్టరుకే చెప్పండి. చాలా వాటికి ఈ ఇబ్బంది తక్కువగా ఉండే ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపేయడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

ముందు ఎవరి దగ్గరికి

వయసు ముప్పై ఐదు లోపు, పొద్దున బాగానే ఉంది, తేదీ చెప్పగలిగినట్టు మొదలైంది అంటే ఒక్కసారి మామూలు ఫిజీషియన్‌కు చూపించుకుని బీపీ, షుగర్ చూసుకోండి. అవి బాగుంటే యూరాలజిస్టు చుట్టూ, స్కానింగుల చుట్టూ తిరగకుండా నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో వెళ్లండి, కుదిరితే ఇద్దరూ కలిసి. పిచ్చివాళ్ల డాక్టరు దగ్గరికి నేనెందుకు అని ఆ అబ్బాయి అడిగినట్టే మీకూ అనిపించవచ్చు. భయం పోగొట్టడం ఎవరి పనో వారి దగ్గరికి వెళ్లడమే అది. ముందు ఫోనులో మాట్లాడి చూద్దాం అనుకుంటే, ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

నలభై దాటినవాళ్లు, ఎంత ఒత్తిడి ఉన్నా సరే, ముందు ఒంటి లెక్క తేల్చుకోవాలి. పరగడుపున చక్కెర, మూడు నెలల సగటు అయిన హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, బీపీ, నడుము కొలత, డాక్టరు అవసరమనుకుంటే ఈసీజీ. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలరా లేదా అన్నది కూడా డాక్టరు అడుగుతారు. గుండె బాగుందని తేలాకే యూరాలజిస్టు, ఆ తరువాతే మాత్ర. వయసు ఎంతైనా, అంగం వంకరపోయినా, గట్టి గడ్డ తగిలినా, కటి ఎముక విరిగిన చరిత్ర ఉన్నా, ప్రోస్టేట్ ఆపరేషన్ జరిగినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా నేరుగా యూరాలజిస్టే.

సెక్సాలజిస్టు అన్న బోర్డు చూస్తే పేరు పక్కనున్న అక్షరాలు చదవండి. ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యంలో ఎండీనో, యూరాలజీలో ఎంసీహెచ్‌నో ఉండాలి. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రచారం చేయడాన్ని మన దేశంలో 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టమే నిషేధించింది. గోడల మీద 'గ్యారంటీ' అని రాసుకునేవాడు ఆ మొదటి అడుగులోనే చట్టం దాటాడని గుర్తుంచుకోండి.

పరీక్షల విషయంలో ఒక హెచ్చరిక. పెనైల్ డాప్లర్ అని ఒకటుంది. అంగంలోకి ఇంజెక్షన్ ఇచ్చి రక్త ప్రవాహాన్ని స్కానింగులో చూస్తారు. అవసరమైనవాళ్లకు మంచి పరీక్ష. కానీ చల్లటి గదిలో, కొత్తవాళ్ల ముందు, సూది గుచ్చించుకుని పడుకున్న భయస్తుడికి అడ్రినలిన్ పొంగి, నాళాలు బాగున్నా రక్తం నిలవనట్టు కనిపించవచ్చు. అలా 'వీనస్ లీక్' (సిరల్లోంచి రక్తం జారిపోవడం) అని రాసిన కాగితం పట్టుకుని ఏళ్ల తరబడి కుమిలే యువకులున్నారు. ఇరవైల్లో ఉండి పొద్దున స్తంభన బాగా ఉన్నవారికి అలాంటి కాగితం వస్తే, ఆపరేషన్ మాట ఎత్తకముందు మరో నిపుణుడికి చూపించి తీరాలి.

టెస్టోస్టెరాన్ పరీక్ష ఉదయం 7 నుంచి 11 మధ్య చేయించాలి, తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చేయించాలి. సాయంత్రం వేళ ఒక్కసారి చేసిన పరీక్షతో ఇంజెక్షన్ మొదలుపెట్టే చోటి నుంచి లేచి వచ్చేయండి. బయటి నుంచి ఎక్కించిన టెస్టోస్టెరాన్ వీర్యకణాల తయారీని ఆపేస్తుంది. పిల్లలు కావాలనుకునే కుర్రాడికి అది ఎంత నష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

మాత్రా, మాటా

వయాగ్రా పేరుతో అందరికీ తెలిసిన సిల్డెనాఫిల్ గుండెనొప్పి మందు కోసం ఇంగ్లండులో వెతుకుతుంటే బయటపడిన మందు. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. గంట ముందు, తేలికపాటి కడుపుతో వేసుకోవాలి. బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా, అరకొరగా పనిచేస్తుంది. ప్రభావం నాలుగైదు గంటలు. ఇదే పని చేసే మరో మందు టాడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది, డాక్టరు చెబితే రోజూ తక్కువ మోతాదులో కూడా వాడవచ్చు. గడియారం చూసుకుంటూ కంగారుపడే మనిషికి రెండోది నయమని నా అభిప్రాయం. వేసుకున్న సంగతి మరిచిపోయే వీలుంటుంది. రెండూ కోరికను పుట్టించవు. కోరిక ఉండి, స్పర్శ ఉంటేనే పనిచేస్తాయి. అందుకే వణికిపోతున్నవాడికి ఒక్కోసారి మాత్ర కూడా పలకదు. అప్పుడు "మాత్రకే లొంగలేదంటే నా పని అయిపోయింది" అని ఇంకా కుంగిపోతాడు.

మనసు కారణమైనవాళ్లకు మాత్ర ఇవ్వకూడదా అంటే, ఇవ్వవచ్చు. సైకిలు నేర్చుకునే పిల్లవాడి వెనక సీటు పట్టుకున్న చేయిలాగా కొన్ని వారాలు ఆసరా ఇస్తుంది. నాలుగైదుసార్లు కుదిరాక భయం తగ్గుతుంది, డాక్టరు మోతాదు తగ్గించి ఆపేస్తారు. చేయి ఎప్పుడు వదలాలో ముందే అనుకోకుండా మొదలుపెడితే మాత్రం, జేబులో మాత్ర లేకపోతే గదిలోకే వెళ్లలేని పరిస్థితి వస్తుంది. అలాంటివాళ్లు నాకు నెలకు ఇద్దరైనా కనిపిస్తారు.

మాటల చికిత్సకు ఓపిక కావాలి, కానీ మనసు కారణానికి నిలిచే ఫలితం ఇచ్చేది అదే. అందులో ఒక పద్ధతి మాస్టర్స్, జాన్సన్ నాటిదే. మొదటి కొన్ని వారాలు కలయిక వద్దని దంపతులు ముందే ఒప్పందం చేసుకుంటారు. వారంలో రెండు మూడుసార్లు, ఓ ఇరవై నిమిషాలు, వీపు, చేతులు, జుట్టు, పాదాలు ఒకరివి ఒకరు నిమరడం అంతే. ఆ తరువాతి దశలో అంతటా స్పర్శ, అయినా కలయిక లేదు. స్తంభన వచ్చినా దాన్ని వాడుకోరు, పోయినా పట్టించుకోరు. వచ్చింది పోయి మళ్లీ వస్తుందని శరీరం తెలుసుకోవడమే అక్కడ పాఠం. పరీక్షే రద్దయ్యాక తప్పుతానన్న భయానికి చోటెక్కడిది? ఉమ్మడి కుటుంబంలో ఆ ఇరవై నిమిషాల ఏకాంతమే దొరకదని చాలామంది అంటారు. నిజమే. ఆ అబ్బాయి, భార్య వారాంతంలో వేరే ఊరు వెళ్లి వచ్చేవారు.

ఒంటి కారణమైనవాళ్లకు మాత్రతో పాటు అసలు మూలానికి చికిత్స జరగాలి. ఇటలీలో ఊబకాయం ఉన్న మగవాళ్లతో బరువు తగ్గించే ఆహారం, వ్యాయామం రెండేళ్లు చేయించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వారిలో దాదాపు మూడోవంతు మందికి మాత్ర లేకుండానే స్తంభన మామూలు స్థాయికి వచ్చింది. వారానికి నాలుగు రోజులు, చెమట పట్టేలా నలభై నిమిషాల నడక, సిగరెట్ మానడం, షుగర్ అదుపు: ఇవి మాత్రకన్నా నెమ్మది, కానీ గుండెకూ పనికొస్తాయి. మాత్రలకు లొంగని మధుమేహులకు ఇంజెక్షన్, వ్యాక్యూమ్ పరికరం, చివరికి ఇంప్లాంట్ కూడా ఉన్నాయి. అది యూరాలజిస్టుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

ఒక్క మాట మాత్రం బల్ల గుద్ది చెప్తాను. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, లేదా నైట్రేట్ జాతి మందు ఏది వాడేవారైనా ఈ మాత్రలు ముట్టుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. మాత్ర వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో ఆసుపత్రిలో అడుగు పెట్టగానే చెప్పండి. సిల్డెనాఫిల్ తరువాత 24 గంటలు, టాడలాఫిల్ తరువాత 48 గంటలు నైట్రేట్ మందు ఇవ్వరు. సిగ్గుపడి దాచితే, కాపాడాల్సిన మందే చంపుతుంది. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడేవారు కూడా డాక్టరుకు చెప్పాలి. స్తంభన నాలుగు గంటలు దాటి దిగకపోతే, చూపు ఒక్కసారిగా తగ్గితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మూలికల మాత్రలైతే ప్రమాదం లేదు కదా అంటారు. 'పూర్తిగా ఆయుర్వేదం' అని రాసి అమ్మే శక్తి మాత్రల్లో సిల్డెనాఫిల్ కలిపినవి చాలా దేశాల్లో పరీక్షల్లో పట్టుబడ్డాయి. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. సార్బిట్రేట్ వాడే మనిషి మూలికేనని అలాంటిది మింగితే ఏమవుతుందో ఇందాకే చెప్పాను.

డాక్టరు ముందు నోరు రానివాళ్లకు

ఇంత తెలిసినా, తీరా కుర్చీలో కూర్చున్నాక చాలామంది "ఒంట్లో నీరసంగా ఉంది" అని మొదలుపెట్టి, బి-కాంప్లెక్స్ రాయించుకుని లేచి వచ్చేస్తారు. అందుకని బిల్లు కాగితం వెనక నేను ఈ వరసలు రాసి ఇస్తాను. వయసు. ఎప్పటి నుంచి, ఒక్కసారిగానా, మెల్లగానా. గత రెండు వారాల్లో ఎన్ని ఉదయాలు స్తంభన ఉంది. ఒంటరిగా ఎంత గట్టిగా, భార్య దగ్గర ఎంత గట్టిగా, నాలుగుకు ఎంత. కోరిక ఉందా. వాడుతున్న మందులన్నీ, గుండె మాత్రలతో సహా. సిగరెట్, మద్యం, నిద్ర ఎన్ని గంటలు. పైన పెద్ద అక్షరాలతో 'అంగస్తంభన సమస్య' అని రాస్తాను. వాళ్లు ఖాళీలు నింపుకుంటారు.

పెద్దాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. డాక్టరు గదిలో ఒక్క మాటా మాట్లాడలేదట, కాగితం విప్పి బల్ల మీద పెట్టారట. డాక్టరు చదివి, ముందు చెప్పులు విప్పి పాదాలు చూపించమన్నారట.